చెన్నపురి రాజధానిలో చిత్రహింసల విచారణ



మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు చరిత్ర విషయకమగు వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శులు కోరిరి. ఇట్టి సంచికలలో కులోత్పత్తి, గోత్రప్రవరలు, పూర్వదాతల జీవితములు, వారు కట్టించిన సత్రములు, త్రవ్వించిన చెఱువులు వర్ణింపబడుట ఆచారము. ఆ వ్యాసములు మన పిల్లలు చదువదగినవే. అయినను చరిత్రయనగా మన గొప్పలు మనము చెప్పుకొనుట మాత్రమే కాదు. అన్యాయమెట్లు జరిగినదో, దానిని అధికారస్థానమునందున్నవారు ఎట్లు కప్పిపుచ్చిరో, ప్రజాగ్రహము ఆ కప్పునెట్లు తొలగించెనో తెలిసికొనుటయు చరిత్రయొక్క ప్రయోజనమే. ఈ యేడు అట్టి కథ నొక దానిని మనవిచేయ దలచితిని. ఇది మన తెలుగు జిల్లాలకును, చెన్నపట్టణమున వర్తకము చేసికొని బ్రదికిన తెలుగువారికిని నేరుగ సంబంధించినది. మన బడి పుస్తకములలో దీనికి చాలినంత చోటు దొరకలేదు.

న్యాయస్థానము తప్పుటకు రెండు దారులు కలవని మన పెద్దలు పూర్వమే యెఱుగుదురు. న్యాయాధికారి సత్యము తెలియక పొరబడుట మొదటిది. సత్యము తెలిసియు, లేక తెలిసికొనుటకు వీలుండియు, బలవంతునకు జడిసి కన్నులు మూసికొనుట రెండవది. శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ అంకము ఈ రెండవ దారిని చూపుచున్నది. రాజుగారి బావమఱదియగు శకారుడు తాను చేసిన దుష్కార్యమును చారుదత్తునిపై మోపి కచ్చేరికి వచ్చును. నేడు వాదము వినుటకు వీలు లేదని న్యాయాధికారి యనగా, రాజుతో చెప్పి నీ పని తీయింతునని అతడు బెదరించును. న్యాయాధికారి దుష్టుడు కాడు; చారుదత్తుని సౌజన్యము నెఱిగినవాడు. అయినను ఆ బెదరింపు విన్న క్షణమునుండి విచారణ యొక్క గతి మారిపోయినది. నిరపరాధి వధ్యస్థానమునకు నడిపింపబడినాడు. కవి యిచ్చట చెప్పిన ధర్మము సూక్ష్మమైనది. విచారణ చేయువాని యుద్యోగము నిందితుని చేతిలో నున్నంతవరకు, విచారించువాడు ఎంత మంచివాడైనను న్యాయము జరుగదు. ఈ మాటను పాఠకులు మనసున నుంచుకొందురుగాక. చెన్నపురి కథ యంతయు ఈ సూత్రమునకు వ్యాఖ్యానమే.

ఏకహస్తమున రెండధికారములు

పందొమ్మిదవ శతాబ్ది పూర్వభాగమున చెన్నపురి రాజధాని ఈస్టిండియా కంపెనీవారి యేలుబడిలో నుండెను. గంజామునుండి తిరునెల్వేలి వరకు వ్యాపించిన ఈ రాజధానిలో ఉత్తర సర్కారులందు జమీందారీలు విస్తారము. దత్తమండలములందును, దక్షిణపు జిల్లాలందును రయితువారీ పద్ధతి ప్రబలినది. 1820వ సంవత్సరమున సర్ థామస్ మన్రో గవర్నరైన పిమ్మట ఈ రయితువారీయే రాజధానికి ముఖ్యపద్ధతియైనది. రైతునకును సర్కారునకును నడుమ జమీందారు లేకుండుట దీని గుణమని చెప్పబడెను. కాని శిస్తు భారము మాత్రము మోయరానిదిగ నుండెను. ఇది శత్రువుల మాట కాదు. మన్రోయే స్వయముగ 1807లో దత్తమండలముల శిస్తును నూటికి 25 వంతున తగ్గింపవలసినదని పైవారికి వ్రాసెను. ఆ సిఫారసు అప్పుడు చెల్లలేదు.

ఇంతకంటె పెద్ద దోషము 1816వ సంవత్సరపు రెగ్యులేషనులతో కలిగినది. వాని ననుసరించి జిల్లా కలెక్టరే మేజిస్ట్రేటు. తాలూకాలో శిస్తు వసూలుచేయు తహశీలుదారే పోలీసు అధికారి. అనగా బాకీ అడుగువాడును, కొట్టుటకు బంట్రోతులు గలవాడును, కొట్టినారని ఫిర్యాదు చేసిన వినవలసినవాడును ఒక్కడే. కిస్తు గడువు సమీపించినపుడు పైరు ఇంకను చేతికి రాకపోయినను, ధర పలుకకపోయినను, తహశీలుదారు మీదనున్న ఒత్తిడి మాత్రము తగ్గదు. వసూలు తగ్గిన తహశీలుదారునకు మాట వచ్చును. వసూలు నిండిన తహశీలుదారును ఎట్లు నింపితివని యడుగువాడు లేడు. ఒక్కొక్క జిల్లా నేటి కొన్ని జిల్లాలంత పెద్దది. దానికంతటికి తెల్లదొరలు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. వారిలో దేశభాషలు చక్కగ వచ్చినవారు మఱింత తక్కువ. కావున కలెక్టరు చూచునది కచ్చేరీవారు చూపినదే, వినునది వారు వినిపించినదే.

కచ్చేరీవారు కలెక్టరు కన్నులకు గంతలు కట్టుట ఎంత సులభమో గుంటూరు జిల్లా వృత్తాంతము తెలుపుచున్నది. 1832–33 సంవత్సరముల నందననామ కఱవునకు ఆ సీమ పాడువడిన పిమ్మట శిస్తు లెక్కలు నానాటికి చెడుటచే, 1845లో వాల్టర్ ఎలియట్ దొర అచ్చటికి పంపబడెను. ఆయన మఱుసటి యేడు సమర్పించిన నివేదిక పై దొరలకు కాగితములమీద కనబడిన జిల్లాకును, గ్రామములలోనున్న జిల్లాకును ఎంత భేదమున్నదో బయలుపఱచినది.

హింసల స్వరూపము

ఇట్టి యేర్పాటునందు బాకీ రాబట్టుటకు వాడుకలోనికి వచ్చిన సాధనములను చెప్పుటకు కలము వెనుదీయును. అయినను పేరు చెప్పక పోయినచో అన్యాయము మరల కప్పబడును గనుక సంగ్రహముగ వ్రాయుచున్నాను. 1855 నాటి నివేదిక రెండింటిని ముఖ్యముగ పేర్కొన్నది. మొదటిది అరవమున కిట్టి. తెలుగున చీరటయని ఇంగ్లీషు లిపిలో వ్రాసిరి. రెండు కఱ్ఱలను ఒకవైపున కట్టి, నడుమ చేతివ్రేళ్లనుంచి, నిమ్మకాయ పిండినట్లు నొక్కుట. రెండవది అరవమున అనుందాల్. తెలుగున గింజెరియని వ్రాసిరి. మెడను వంచి కాళ్లకు కట్టి, ఒక్కొక్కప్పుడు వీపుపై ఱాయి యెత్తి, ఎండలో నిలువబెట్టుట. ఇవిగాక అన్నపానములు మాన్పించుట, జుట్టును గాడిదతోకకో దున్నపోతు తోకకో కట్టుట, కన్నులలో మిరెపుకారము చల్లుట, బొడ్డుపై పురుగు నుంచి చిప్పతో మూయుట మొదలగునవి యన్నియు సాక్ష్యములలో కలవు.

ఇవి తెల్లవారు తెచ్చిన క్రొత్త విద్యలు కావు. కౌటిలీయ అర్థశాస్త్రమున నాలుగవ అధికరణమున వాక్యకర్మానుయోగమను ప్రకరణము కలదు. నేరము నొప్పించుటకై చేయదగిన దండనలు అందు లెక్కింపబడినవి. నవాబుల కాలమునను శిస్తు బాకీదారులు ఇట్టి పాట్లు పడిరి. కాని పూర్వమున్న పాపము నేటి పాపమునకు సమాధానము కాజాలదు. కంపెనీవారు తాము దేశమునకు న్యాయపరిపాలన దెచ్చితిమని లోకమున చాటుకొనిరి. అట్లు చాటుకొన్నవారి కచ్చేరీలలోనే ఇది జరుగుచుండుటయు, జరుగుటలేదని వారు పలుకుటయు ఈ కథలోని ముఖ్యాంశములు.

గాజుల లక్ష్మీనరసు చెట్టిగారు

ఈ కప్పును తొలగింప పూనుకొన్నవాడు ఉద్యోగి కాడు, ప్లీడరు కాడు, చెన్నపట్టణపు వర్తకుడు. గాజుల లక్ష్మీనరసు చెట్టిగారు 1806లో జన్మించిరి. తండ్రి సిద్ధులు చెట్టిగారు నీలిమందు, వస్త్రముల వర్తకులు. కుమారుడా వ్యాపారమును పెంచి విశేషముగ ధనార్జన చేసిరి. అంతటితో తృప్తిపడి యింట కూర్చుండినచో వారి పేరు నేడు మనకు తెలియకపోవును. వారు 1844లో ఒక పత్రికను కొని, దానికి క్రెసెంటు అని పేరిడి, హిందువుల స్థితిని బాగుచేయుటయే దాని యుద్దేశమని ప్రకటించిరి. హార్లీయను ఇంగ్లీషువానిని సంపాదకునిగ నియమించిరి. సర్కారు బడులలో బైబిలు పాఠ్యముగ చేర్చవలెనన్న ప్రయత్నమునకు వ్యతిరేకముగ 1846లో మహాసభ జరిపించి అర్జీ పంపిరి. ఇందుచే అధికారుల యాగ్రహమునకు పాత్రులైరి. ఆ పత్రికయొక్క ప్రకటనను సర్కారు గెజెటులో వేయుటకును నిరాకరించిరని వారి చరిత్రకారులు వ్రాసిరి.

1852 ఫిబ్రవరి 26వ తేదీన చెన్నపురి దేశీయ సంఘము స్థాపింపబడెను. దానికి ప్రాణము లక్ష్మీనరసు చెట్టిగారే. కంపెనీవారి సన్నదు 1853లో మరల పొడిగింపబడు సమయము సమీపించినది గదా. ఆ యదను జూచి సంఘమువారు లండను పార్లమెంటునకు దీర్ఘమైన మహజరు పంపిరి. శిస్తు భారము, ఉప్పు గుత్త, చేతిపనివారిమీదను చిల్లరవర్తకులమీదను వేయు మోతుర్ఫా పన్ను, న్యాయస్థానముల లోపములు అందు చెప్పబడినవి. మగ్గము, సుత్తె, త్రాసు పట్టిన కులములవారు తమ పూర్వులు కట్టిన మోతుర్ఫాను మఱువరాదు. రైతు శిస్తునకు పొలమున నలిగినట్లే వారును దానికి నలిగిరి.

1853లో హెన్రీ డాన్బీ సేమూరను పార్లమెంటు సభ్యుడు చెన్నపట్టణమునకు వచ్చెను. లక్ష్మీనరసు చెట్టిగారు ఆయనకు పట్టణపు విందులును ఊరేగింపులును చూపి పంపినవారు కారు. జిల్లాలలోనికి తీసికొనిపోయి, రైతుల నోటనే రైతుల కథ వినిపించిరి. అధికారి నడుమ లేక, దుబాసి కత్తిరింపు లేక, బాధితుడు చెప్పినది బాధితుని మాటగనే విన్న యా ప్రయాణమునందే తరువాతి కార్యమంతటికి బీజము పడినది.

పార్లమెంటునందలి మాట, చెన్నపట్టణమునందలి విచారణ

1854 జూలై మాసమున పార్లమెంటు దిగువసభలో చెన్నపురి రాజధాని భూమి శిస్తును గూర్చి చర్చ జరిగినది. సేమూరు దొర లేచి, శిస్తు వసూలుకై ప్రజలు చిత్రహింసల పాలగుచున్నారని చెప్పెను. కంపెనీ పక్షమువారు దానిని నమ్మజాలమనిరి. ఇండియాలో చిరకాల ముద్యోగము చేసివచ్చితిమి, మే మట్టిది కనివిని యెఱుగమనుట వారి వాదము. ఈ వాదమును పాఠకులు పరీక్షింతురుగాక. కనలేదనుట నిజమే కావచ్చును. కనకుండుటకు తగిన యేర్పాటును తామే చేసికొన్నవారు కనలేదని సాక్ష్యమిచ్చుటలో విశేషమేమున్నది?

అయినను మాట బహిరంగసభలో పలుకబడినది, పత్రికల కెక్కినది. ఇక దానిని పెట్టెలో పెట్టి మూయుటకు వీలు లేకపోయెను. పైవారి ఆజ్ఞపై చెన్నపట్టణపు ప్రభుత్వము ముగ్గురు సభ్యుల విచారణ సంఘమును నియమించెను. ఎడ్వర్డు ఎలియట్, హడల్‌స్టన్ స్టోక్సు, జాన్ బ్రూస్ నార్టన్ అనువారు సభ్యులు. వీరిలో నార్టను బారిష్టరు. దక్షిణదేశమునందలి న్యాయస్థానముల లోపములను గూర్చి 1853లోనే గ్రంథము ప్రకటించినవాడు. అట్టివాడొక్కడైనను సభలో నుండుట మేలయ్యెను.

ఫిర్యాదులు తెలుపుకొనుటకు మూడు మాసముల గడువు ఈయబడెను. రైలు లేదు, బాటలు మంచివి లేవు. జిల్లాలలో తహశీలుదారుల బంట్రోతులు కాచియుందురు. ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట ఆ తహశీలుదారు తాలూకాలోనే బ్రదుకవలెను. ఇన్ని యాటంకములున్నను 1,959 ఫిర్యాదులు వచ్చినవి. అందు 519 మంది స్వయముగ వచ్చి నిలిచినవారు. 1,440 వ్రాతమూలమున వచ్చినవి. నూర్లకొలది మైళ్లు దాటి వచ్చినవారుకూడ అందుండిరి. చేతివ్రేళ్లు నలిగిన రైతు, తనమాట వినువారున్నారని చెవినిబడిన మాత్రమున, జొన్నరొట్టె మూటకట్టుకొని సముద్రతీరమునందలి యా పట్టణమునకు నడచి వచ్చుటను తలచికొనిన, ప్రజాగ్రహమనగా నెట్టిదో తెలియును. కేకలును ఱాళ్లు రువ్వుటయు మాత్రమే ఆగ్రహము కాదు. ఓర్పుతో నడచివచ్చి, పేరు చెప్పి, ఊరు చెప్పి, కొట్టినవాని పేరును చెప్పి, వ్రేలిముద్రయో నిశానియో వేసిపోవుటయు ఆగ్రహమే. అధికారులకు ఈ రెండవదియే యెక్కువ భయము కలిగించును.

నివేదిక చెప్పినది

1855 ఏప్రిలు 16వ తేదీన విచారణ సంఘమువారు నివేదిక సమర్పించిరి. శిస్తు వసూలునకై చిత్రహింస రాజధానియందు సామాన్యముగ జరుగుచున్నదని వారు నిశ్చయముగ వ్రాసిరి. నేరము నొప్పించుటకై పోలీసులచే హింసింపబడువారికంటె శిస్తు బాకీకై హింసింపబడువారే యెక్కువ యుందురని వారి యభిప్రాయము. ఈ మాట వారి నోట వెలువడుటతో, మే మెఱుగమన్నవారి నోళ్లు మూతపడినవి.

కాని ఆ నివేదికలో దీనికంటె ముఖ్యమైన మాట మఱియొకటి కలదు. హింస యున్నదనుటకంటె, హింసపడినవానికి న్యాయము దొరకుట యింత కష్టముగ నుండుటయే తమ్మెక్కువ బాధపెట్టినదని వారు వ్రాసిరి. అందులకు కారణములు మూడు చెప్పిరి. మొదటిది దూరము: కలెక్టరుతో స్వయముగ చెప్పుకొనుటకు పోవలెనన్న ఎన్నియో దినముల ప్రయాణము, వ్యయము, పని చెడుట. రెండవది అర్జీ మార్గము: వ్రాసి పంపినచో ఆ యర్జీ వెనుకప్రక్క 'తహశీలుదారు విచారించునది' యను మామూలు వ్రాతతో తిరిగివచ్చును. అనగా కొట్టించినవాని యొద్దకే కొట్టబడినవాని యర్జీ పోవును. మూడవది శిక్ష: ఎట్లో ఋజువైనను మేజిస్ట్రేటు విధింపగలది 50 రూపాయల జుల్మానా, లేక ఒక మాసము ఖైదు. అంతకు మించిన శిక్ష కావలెనన్న క్రిమినలు జడ్జికి పంపవలెను. ఆ దారి మఱింత పొడవు.

ఈ మూడు కారణములలో రెండవదానిని పాఠకులు మరల చదువవలెనని కోరుచున్నాను. కంచె చేను మేసినదని చెప్పుకొనుటకు పోయినవానిని, ఆ సంగతి కంచెనే యడుగుమని పంపివేసినట్లున్నది. ఇందు ఎవరును అబద్ధము వ్రాయలేదు. ఎవరును కాగితము కాల్చలేదు. కలెక్టరు కచ్చేరీ గుమాస్తా నియమముప్రకారము నడచినాడు. తహశీలుదారు నియమముప్రకారము 'విచారింపగా నిజము కాదని తేలినది' అని వ్రాసినాడు. కలెక్టరు నియమముప్రకారము సంతకము చేసినాడు. దస్త్రము నిర్దోషముగ నున్నది. రైతు వ్రేళ్లు మాత్రము విఱిగియున్నవి. అన్యాయమును కప్పిపుచ్చుట యనగా కుట్రదారులు కొందరు చీకటిగదిలో గూడి చేయు పనియని మనము తలంతుము. తఱచుగ అట్లు కాదు. పట్టపగలు, చక్కని దస్తూరితో, వరుస నంబరు వేసి చేయబడు పని యది.

నివేదిక చెప్పక విడిచినది

ఇంత మేలు చేసిన యా నివేదికయు ఒకచోట తానే కప్పు వేసినది. తెల్ల అధికారులు ఈ హింసలను ప్రోత్సహించిరని గాని, చూచియు నుపేక్షించిరని గాని శంకించుటకు ఆధారము లేదని సంఘమువారు వ్రాసిరి. ప్రజల మొర యంతయు తమ దేశీయులైన యుద్యోగుల క్రౌర్యమునుండి తమ్ము కాపాడుమనుటయే యనిరి. గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువును అదే 1855లో వ్రాయుచు, బ్రిటిషువారి రాష్ట్రములన్నింటను క్రింది యుద్యోగులు ఏదో యొక విధముగ హింస చేయుచున్నారనుటలో తనకు చిరకాలమునుండి సందేహము లేదని యంగీకరించెను. చిరకాలమునుండి తెలియునన్న మాట ఆయన లేఖలో; తెలియనే తెలియదన్న మాట పార్లమెంటులో. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినవానికి వేఱొక సాక్ష్యము అక్కఱలేదు.

శిస్తు నింత ఎక్కువగ కట్టినదెవరు? తప్పక వసూలు కావలెనని తాకీదులు పంపినదెవరు? పోలీసును, శిస్తును ఒక్కచేతి కిచ్చినదెవరు? అర్జీలను తహశీలుదారులకే త్రిప్పిపంపిన దెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము తాలూకా బంట్రోతుకడ లేదు. పనిముట్టును పట్టినవానిని పట్టుకొని, పని చెప్పినవానిని విడిచిపెట్టుట సంస్థలు తమ్ము రక్షించుకొను విధానములలో మిక్కిలి ప్రాచీనమైనది. లండనులో నివసించుచుండిన కారల్ మార్క్సు 1857లో న్యూయార్కు పత్రికకు వ్రాసిన వ్యాసమున ఈ నివేదికనే యాధారముగ గొని, ఇండియా ప్రజల తిరుగుబాటును మాత్రమే నిందించుచున్న ఇంగ్లీషువారిని ప్రశ్నించెను. చెన్నపట్టణపు వర్తకుడొకడు మొదలిడిన ఫిర్యాదు మూడేండ్లలో సముద్రములు దాటి అమెరికాలో అచ్చుపడినది.

ఫలము

1856లో పార్లమెంటు ఎగువసభలోను ఈ విషయము చర్చింపబడినది. 1858లో కంపెనీ ప్రభుత్వమే అంతరించినది. అందులకు హేతువులు వేఱు పెక్కు కలవు గాని, చెన్నపురి దేశీయ సంఘమువారు కోరినదియు నదియే. 1859లో 24వ ఆక్టు వలన చెన్నపురి రాజధానిలో పోలీసుశాఖ వేఱుగ ఏర్పడి, తహశీలుదారుల పోలీసు అధికారము తొలగినది. 1860లో పుట్టి 1862 జనవరి 1వ తేదీనుండి అమలైన శిక్షాస్మృతిలో 330వ సెక్షను నేరము నొప్పించుటకో బాకీ రాబట్టుటకో నొప్పించువానికి ఏడేండ్ల వరకు ఖైదు విధించినది. ఆ సెక్షనునకు ఇచ్చిన ఉదాహరణములలో శిస్తు బాకీకై హింసించిన రెవెన్యూ అధికారి యొకటి. 50 రూపాయల జుల్మానా యేడేండ్ల ఖైదు అయినది. ధర్మశాస్త్రమునందలి యొక్క పంక్తి వెనుక చెన్నపట్టణమునకు నడచివచ్చిన వారి యడుగులున్నవని న్యాయవాదవృత్తి నవలంబించు మన యువకులు తెలిసికొందురుగాక. పోలీసు అధికారి యెదుట చెప్పిన నేరాంగీకారము సాక్ష్యముగ చెల్లదను నియమమును ఆ కాలముననే పుట్టి, 1872 నాటి సాక్ష్యపు చట్టములో నిలిచినది.

లక్ష్మీనరసు చెట్టిగారికి సర్కారు సి. యస్. ఐ. బిరుదునిచ్చి, 1863లో చెన్నపురి శాసనసభ సభ్యత్వమిచ్చెను. ఆ నాటికి వారి సంపద తఱిగిపోయినది. పత్రికకును, మహజరులకును, ప్రజాకార్యములకును ధనమును నీళ్లవలె వెచ్చించి, 1868లో పేదవారుగ కాలధర్మము నొందిరి.

ఫలము సంపూర్ణమైనదని మాత్రము చెప్పరాదు. చట్టము మారినంత త్వరగ చేయి మారదు. స్వతంత్ర భారతమున 1996 డిసెంబరులో డి. కె. బసు కేసులో సర్వోన్నత న్యాయస్థానము అరెస్టు చేయువారు పాటింపవలసిన నియమములను విధింపవలసివచ్చినది. చిత్రహింస నిషేధమునకై ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసినది గాని, దానిని ఇంకను ధ్రువీకరింపలేదు. 2024 జూలై 1వ తేదీనుండి పాత శిక్షాస్మృతి స్థానమున క్రొత్త సంహిత వచ్చినది. ఈ నేరము అందు 120వ సెక్షను. సెక్షను నంబరు మారినను, అర్జీ ఎవరియొద్దకు పోవుననునదే నేటికిని ముఖ్య ప్రశ్న.

మన సంఘమునకు పాఠము

ఇక నీ కథ మన మహాసభ సంచికలో ఏల వ్రాయవలసివచ్చినదో విన్నవించెదను.

లక్ష్మీనరసు చెట్టిగారు ఏ కులమువారని పండితులు వాదించుకొందురు. ఒకటికంటె నెక్కువ సంఘములు వారిని తమవారనును. నే నా వాదమున ప్రవేశింపను. వారు ఎవరికొఱకు పాటుపడిరో చూచిన ఆ వాదము చిన్నదిగ తోచును. చీరటలో వ్రేళ్లు నలిగిన రైతులు వారి బంధువులు కారు, వారి కులమువారు కారు. వారి యూరివారును కారు. తనవారికొఱకు కోపపడుట సులభము. తనవాడు కానివానికొఱకు కోపపడి ధనము పోగొట్టుకొనినవానిని మనవాడని చెప్పుకొనవలెనన్న మనమును ఆ పని కొంత చేసియుండవలెను.

రెండవ మాట మఱింత చేదైనది. ఆ చీరటను నొక్కిన చేయి ఎవరిది? బంట్రోతులు, తలారులు, కరణములు, గుమాస్తాలు, తహశీలుదారులు తెల్లవారు కారు. వారు మన దేశస్థులు, సర్వకులములవారు. ఏ కులమువారైనను తమ పూర్వులలో దివానులను, దుబాసులను లెక్కించుకొందురు గాని, అర్జీని వెనుకకు త్రిప్పిపంపిన గుమాస్తాను లెక్కించుకొనరు. తిలాపాపము తలాపిడికెడు. పూర్వుల కీర్తిలో భాగము కోరువారు ఆ పిడికెడును స్వీకరింపవలెను.

మూడవది నేటి మాట. కులసంఘములు కూడ చిన్న ప్రభుత్వములే. వసతిగృహములు, విద్యానిధులు, కల్యాణమండపములు, సత్రములు వాని చేతిలోనున్నవి. అచ్చట పేద విద్యార్థి కొకనికి అన్యాయము జరిగినదనుకొందము. వితంతువొకతె తన కీయవలసిన సాయము మధ్య మాయమైనదని వ్రాసినదనుకొందము. ఆ ఉత్తరము ఎవరి బల్లపైకి పోవును? వసతిగృహ నిర్వాహకునిపై ఫిర్యాదు నిర్వాహకుని యభిప్రాయమునకే పంపబడునా? 'కడుపు చించుకొన్న కాళ్లమీద పడును, పరువు పోవును, ఇంటిలో సంగతి వీథిలోనికేల' అని పెద్దలు సర్దిచెప్పుదురా? అట్లయినచో 1855 నాటి తాలూకా కచ్చేరీకిని మన కార్యాలయమునకును గోడలు మాత్రమే భేదము. చందాలిచ్చిన దాతలు మన్నింతురుగాక: దాత పేరు శిలాఫలకముపై నున్నంతమాత్రమున దాత బంధువు విచారణకు అతీతుడు కాడు.

కావున మహాసభవారికి నాలుగు మనవులు చేయుచున్నాను. సంఘమునకు వచ్చిన ప్రతి ఫిర్యాదునకును తేదీ వేసి రసీదు ఈయవలెను. ఎవనిపై ఫిర్యాదు వచ్చినదో వానియొద్దకు విచారణకై దానిని పంపరాదు. వాని బంధువును, వానిచే ఉద్యోగము పొందినవాడును విచారణలో కూర్చుండరాదు. నేరమని తోచినది పంచాయతీలో మాపుచేయక పోలీసునకును న్యాయస్థానమునకును ఒప్పగింపవలెను. ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చినవో, ఎన్ని తీఱినవో, ఎన్ని మిగిలినవో వార్షిక నివేదికలో, దాతల జాబితాకు ముందే అచ్చువేయవలెను. ఇందులకు పెద్ద ధనము అక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక కలము, కొంచెము ధైర్యము చాలును.

పరువు పోవునను భయమును గూర్చి ఒక్కమాట. చెన్నపురి ప్రభుత్వమువారును పరువుకొఱకే అట్టిది లేదనిరి. ఉన్నదని యొప్పుకొనినందువలన వారి పరువు పోలేదు. లేదన్న మాటలవలన పోయినది. దాచిన పుండు మానదు. గాలియు వెలుతురును సోకిన పుండే మానును.

ఈ విషయము మహాసభలో చర్చకు వచ్చునని ఆశించుచు, సభాసదులకెల్లరకు ఆయురారోగ్యములును, ధర్మబుద్ధియు పరమేశ్వరుడు ప్రసాదించుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.